హెలికాప్టర్ ఇంధన ట్యాంకులు, ట్రాన్స్‌ఫర్ పంపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మెయింటెనెన్స్ కోర్సులో కొత్తగా చేరినవాళ్లూ, సిమ్యులేటర్‌లో ఎగరేసేవాళ్లూ, ఊరికే ఆసక్తితో చదివేవాళ్లూ, ఎవరు అడిగినా తిప్పితిప్పి ఇవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ముందే ఒక్క మాట: హెలికాప్టర్‌లో ఇంధనం ఉండటం వేరు, అది ఇంజిన్ దాకా చేరడం వేరు. ఇక్కడున్న సందేహాల్లో సగం ఆ తేడా దగ్గర పుట్టినవే. అంకెలూ స్విచ్‌ల పేర్లూ మోడల్‌ని బట్టి మారతాయి కాబట్టి, మీ చేతిలో ఉన్న హెలికాప్టర్ మాన్యువల్ ఏం చెబితే అదే ఆఖరి మాట.

## ట్యాంకు ఎక్కడ, ఎలా

విమానానికైతే రెక్కల్లో ఇంధనం పోస్తారు. హెలికాప్టర్‌కి రెక్కలే లేవు కదా, మరెక్కడ?

చాలావాటిలో క్యాబిన్ నేల కింద గానీ, వెనక సీట్ల వెనకాల గానీ ఉంటుంది. రోటర్ షాఫ్ట్‌కి వీలైనంత దగ్గర్లో పెట్టాలనేది అసలు ఉద్దేశం. ఎందుకంటే హెలికాప్టర్ మొత్తం ఆ షాఫ్ట్ నుంచి వేలాడుతున్నట్టే లెక్క, ఇంధనం ఖర్చయ్యే కొద్దీ బరువు ఒక వైపుకి జరిగిపోతే కంట్రోల్ స్టిక్‌కి దాన్ని సరిదిద్దే చోటు మిగలదు. ఎంఐ-17లో పొట్టకి రెండు పక్కలా పొడుగాటి పీపాల్లాంటి ట్యాంకులు బయటికే కనిపిస్తాయి, పైన మెయిన్ గేర్‌బాక్స్ వెనక ఇంజిన్లకి ఇంధనం అందించే 445 లీటర్ల సర్వీస్ ట్యాంకు ఒకటి దాక్కుని ఉంటుంది. చినూక్‌లో రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే భాగాల్లో, ఒక్కో పక్క మూడేసి ట్యాంకులు. రాబిన్‌సన్ ఆర్44లో మాస్ట్‌కి, అంటే రోటర్‌ని మోసే నిలువు స్తంభానికి, అటూ ఇటూ, ఇంజిన్ కంటే ఎత్తులో ఉంటాయి.

ట్యాంకు అంటే రేకు డబ్బానా, రబ్బరు సంచా?

రెండు రకాలూ ఉన్నాయి, కానీ ఇప్పుడు సంచిదే పైచేయి. రబ్బరు పూసిన గట్టి బట్టతో చేసిన సంచిని ఒక గూడులో పరిచి, తాళ్లతోనో క్లిప్పులతోనో గోడలకి బిగిస్తారు. దెబ్బ తగిలినప్పుడు లోహం చిరుగుతుంది, సంచి సాగి ముడుచుకుని తట్టుకుంటుంది. ఆర్44కి మొదట్లో అల్యూమినియం ట్యాంకులే ఉండేవి. ప్రాణాలతో బయటపడగలిగిన చిన్న ప్రమాదాల్లో కూడా మంటలు లేచి మనుషులు చనిపోయాక, పాత ట్యాంకుల్లో సంచులు అమర్చమని కంపెనీ సర్వీస్ బులెటిన్ ఇచ్చింది, 2013లో ఆస్ట్రేలియా ఆ మార్పుని తప్పనిసరి చేసింది.

ఒక్క పెద్ద ట్యాంకు పెడితే సరిపోదా? మెయిన్ ట్యాంకు, సప్లై ట్యాంకు అని రెండెందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. మేడ మీది నీళ్ల ట్యాంకుని గుర్తు తెచ్చుకోండి. కింద సంపులో ఎన్ని నీళ్లున్నా కుళాయిలోకి వచ్చేది పై ట్యాంకులోవే, మోటారు వేస్తేనే కింది నీళ్లు పైకి చేరతాయి. ఇక్కడా అంతే. మెయిన్ ట్యాంకు పెద్దది, వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది, హెలికాప్టర్ వంగిన ప్రతిసారీ లోపల ఇంధనం అటూ ఇటూ పారుతుంది. ఇంజిన్‌కి మాత్రం ఒక్క సెకను కూడా గాలి బుడగ వెళ్లకూడదు. అందుకే చిన్నగా, లోతుగా ఉండే సప్లై ట్యాంకుని మధ్యలో పెట్టి, దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచే పని ట్రాన్స్‌ఫర్ పంపులకి అప్పగిస్తారు. ఇంజిన్ తాగేదాని కంటే ఎక్కువే తోడతాయి అవి, మిగిలింది పొర్లి మళ్లీ మెయిన్ ట్యాంకులోకి పోతుంది.

రెండు ఇంజిన్లున్న ఈసీ-135లో సప్లై ట్యాంకుని రెండు అరలుగా చేశారు, ఇంజిన్‌కి ఒకటి. ఆ రెండు అరలూ ఒకే సైజు కావు. కావాలనే ఒకటి కాస్త చిన్నది, ఇంధనం అయిపోయినా రెండు ఇంజిన్లూ ఒకేసారి ఆగిపోకూడదని.

కూలిపోతే ట్యాంకు పగిలి మంటలు రావా?

రాకుండా ఉండాలనే క్రాష్‌ని తట్టుకునే ఇంధన వ్యవస్థలు వచ్చాయి. అమెరికా సైన్యం 1970 ప్రాంతంలోనే వాటిని వాడకంలోకి తెచ్చింది, పౌర హెలికాప్టర్లకి ఆ నిబంధన అమెరికాలో 1994లో వచ్చింది. ట్యాంకులో 80 శాతం నీళ్లు నింపి, చుట్టూ ఉండే నిర్మాణంతో సహా 50 అడుగుల ఎత్తు నుంచి పడేస్తారు, ఒక్క చుక్క కారకూడదు. గొట్టాల మధ్య విడిపోయే జాయింట్లు ఉంటాయి, లాగుడుకి గొట్టం తెగే బదులు అక్కడ ఊడి, రెండు వైపులా తమంతట తామే మూసుకుంటాయి.

బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ నిబంధన కొత్త డిజైన్లకే పెట్టారు. అంతకుముందు ఆమోదం పొందిన మోడళ్లు తర్వాత పాతికేళ్లు పాత ట్యాంకులతోనే కొత్తగా తయారవుతూ వచ్చాయి. అమెరికాలో 2020 ఏప్రిల్ 5 నుంచి మాత్రమే, కొత్తగా తయారయ్యే ప్రతి హెలికాప్టర్‌కీ ఇది తప్పనిసరి అయింది.

## పంపులు

బూస్ట్ పంపు, ప్రైమ్ పంపు, ట్రాన్స్‌ఫర్ పంపు, ఇవన్నీ ఒకటే కదా? పేర్లు మాత్రమే వేరా?

కాదు, పనులు వేరు. ఇంధనాన్ని ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి మార్చేది ట్రాన్స్‌ఫర్ పంపు. ట్యాంకు నుంచి ఇంజిన్ వైపు ఒత్తిడితో తోసేది బూస్ట్ పంపు. స్టార్ట్ చేసేటప్పుడు గొట్టాల్లోని గాలిని వెళ్లగొట్టి ఇంధనంతో నింపేది ప్రైమ్ పంపు, చాలా మోడళ్లలో ఇంజిన్ అందుకున్నాక దాన్ని ఆపేస్తారు. వీటన్నిటి తర్వాత ఇంజిన్ మీదే గేర్లతో తిరిగే హై ప్రెషర్ పంపు ఒకటుంటుంది. ఈ నాలుగిటినీ కాగితం మీద వరసగా గీసి పెట్టుకోండి. ప్యానెల్ మీద వీటి స్విచ్‌లు పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉండే హెలికాప్టర్లు ఉన్నాయి. చీకట్లో చేత్తో తడిమితే ఏది ఏదో తెలియదు.

పంపుని ఇంధనంలోనే ముంచి పెడతారట. కరెంటు మోటారు కదా, అంటుకోదా?

అంటుకోవాలంటే ఇంధనపు ఆవిరీ గాలీ తగిన పాళ్లలో కలవాలి, నిప్పురవ్వ తగలాలి. ద్రవంలో మునిగి ఉన్నంతసేపు చుట్టూ గాలే ఉండదు. ఇంధనం తగ్గి పంపు బయటపడ్డప్పుడు కూడా ప్రమాదం లేకుండా, లోపల రవ్వ పుట్టినా అది బయటికి రాని విధంగా మోటారు గూడుని కట్టుదిట్టంగా చేస్తారు. ముంచి పెట్టడం వల్ల లాభాలే ఎక్కువ. ఇంధనం చల్లబరుస్తుంది, బేరింగ్‌లకి నూనెలా పనిచేస్తుంది, పీల్చాల్సిన అవసరం లేకుండా ఒత్తిడి మొదటి నుంచే ఉంటుంది.

మోటారే లేని పంపు ఉంటుందని విన్నాను. అదెలా తోడుతుంది?

అది జెట్ పంపు, ఎజెక్టర్ అని కూడా అంటారు. వేరే పంపు నుంచి ఒత్తిడితో వచ్చే కొద్దిపాటి ఇంధనాన్ని సన్నటి ముక్కులోంచి వేగంగా చిమ్ముతారు. ఆ ధార చుట్టూ ఒత్తిడి పడిపోతుంది, పక్కనున్న ఇంధనం దాని వెంట లాక్కుపోబడుతుంది. తిరిగే భాగాలు లేవు, వైరు లేదు, ఫ్యూజు లేదు. బెల్ 206ఎల్‌లో ముందు ట్యాంకుల నుంచి ఇంధనం వెనక్కి ఇలాగే చేరుతుంది. చెడిపోవడం చాలా అరుదు, కానీ రెండు బలహీనతలున్నాయి: ధార ఇచ్చే పంపు ఆగితే ఇదీ ఆగుతుంది, ఆ సన్నటి ముక్కులో చిన్న చెత్త ఇరుక్కుంటే చాలు, చప్పుడు లేకుండా పని మానేస్తుంది.

అసలు పంపే లేని హెలికాప్టర్లు ఉన్నాయా?

కార్బురేటర్ ఉన్న ఆర్44లో ట్యాంకులు పైన, ఇంజిన్ కింద, ఇంధనం దానంతటదే దిగుతుంది, పంపు అక్కర్లేదు. బ్లాక్ హాక్‌ది ఇంకో దారి. దాని ఇంజిన్లు ట్యాంకు నుంచి ఇంధనాన్ని తమంతట తామే పీల్చుకుంటాయి. తూటా తగిలి గొట్టానికి చిల్లు పడితే లోపలికి గాలి పోతుందే తప్ప ఇంధనం బయటికి చిమ్మదు, మంట లేవదు. చాలా తెలివైన ఏర్పాటు అది.

## ఇంధనం నింపేటప్పుడు

లీటర్లలో పోసి కిలోల్లో లెక్క చెప్తారెందుకు?

ఇంజిన్‌కి శక్తినిచ్చేది ఇంధనం బరువు, దాని ఘనపరిమాణం కాదు. ఎండలో ఇంధనం వ్యాకోచిస్తుంది, అదే లీటరు తేలికవుతుంది. టర్బైన్ ఇంజిన్లలో వాడే జెట్ ఏ-1 ఇంధనం లీటరు సుమారు 0.8 కిలోలు తూగుతుంది, 15 డిగ్రీల దగ్గర 0.775 నుంచి 0.840 దాకా ఉండొచ్చు. పైగా ఎంత బరువుతో లేవగలం అన్న లెక్క కూడా కిలోల్లోనే కదా.

ఫుల్ ట్యాంకు కొట్టించేస్తే టెన్షన్ ఉండదు కదా?

ఇంధనం గురించి ఉండదు, మిగతావాటి గురించి మొదలవుతుంది. చాలా హెలికాప్టర్లు ఫుల్ ట్యాంకుతో అన్ని సీట్లూ నింపుకుని లేవలేవు, ఎండలోనూ ఎత్తు ప్రదేశాల్లోనూ మరీ కష్టం. అందుకే పని ఎంతో, దానికి ఎంత కావాలో లెక్కగట్టి, పైన రిజర్వు కలుపుకుని పోస్తారు.

రోజూ పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలో పట్టి ఏం చూస్తారు?

నీళ్లు, చెత్త. నీళ్లు ఇంధనం కంటే బరువు, కాబట్టి రాత్రంతా నిలబడ్డ హెలికాప్టర్‌లో అవి అడుగుకి దిగి డ్రెయిన్ వాల్వ్ దగ్గర చేరతాయి. హెలికాప్టర్‌ని కదపకముందే, పంపులు వేయకముందే పట్టాలి. సీసాని ఒక్కసారి గుండ్రంగా తిప్పి వెలుగుకి ఎదురుగా పెట్టండి. లోపల చిన్న సుడి లేస్తుంది, దాని మొన కింద సీసా అడుగున మధ్యలోకి ఇసుక రేణువులూ తుప్పూ చేరతాయి. నీళ్లుంటే అడుగున పాదరసంలా గుండ్రటి బొట్లు, వంచితే జారి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఇంధనం మసకగా, పొగ పట్టినట్టు ఉంటే నీళ్లు సన్నటి తుంపరగా కలిసి ఉన్నాయని అర్థం, కాసేపు నిలవనిచ్చి మళ్లీ పట్టండి.

కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. సీసా నిండా నీళ్లే వస్తే బొట్లు కనిపించవు, అంతా తేటగా మెరుస్తూ శుభ్రంగా అనిపిస్తుంది. అందుకే వాసన చూడాలి, నీళ్లని కనిపెట్టే పేస్ట్ గానీ క్యాప్సూల్ గానీ వాడి రంగు మారుతుందేమో చూడాలి. రెండు నిమిషాల పని ఇది, ఏ రోజూ మానకండి.

పైపు పెట్టేముందు వైరు తగిలిస్తారు, ఎందుకు?

గొట్టంలో పారే ఇంధనం స్థిర విద్యుత్తుని పోగుచేస్తుంది. పోసే బండికీ హెలికాప్టర్‌కీ మధ్య వైరు ఉంటే రెండూ ఒకే స్థాయిలో ఉంటాయి, మూత దగ్గర రవ్వ ఎగరదు. వైరు ముందు, మూత తర్వాత. తీసేటప్పుడు మూత ముందు పెట్టి, ఆ తర్వాతే వైరు తీయాలి.

## గాల్లో ఉన్నప్పుడు

మెయిన్ ట్యాంకులో రెండు ట్రాన్స్‌ఫర్ పంపులుంటాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. ఒకటి చాలదా?

ఒకటి చెడితే ఇంకోటి ఉంటుందన్నది ఒక కారణం. రెండోది హెలికాప్టర్ వంగే తీరు. వేగంగా ముందుకి వెళ్తున్నప్పుడు ముక్కు కిందికి ఉంటుంది, ఇంధనం ముందుకి జారుతుంది. ట్యాంకు సగానికి పైగా ఉంటే ఇబ్బంది లేదు, అడుగంటుతున్నప్పుడు మాత్రం వెనక పంపు తేలిపోయి ఒట్టిగా తిరుగుతుంది. హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలిచి ఉన్నప్పుడు, ముక్కు పైకి ఉండే మోడల్‌లో దీనికి తిరగబడి, ముందు పంపు తేలుతుంది. ఈసీ-135లో అప్పుడు ఆ పంపు పేరుతో హెచ్చరిక వస్తుంది, పైలట్ దాన్ని ఆపేస్తాడు. ఇక్కడే జాగ్రత్త కావాలి. హోవర్‌లో ఆపిన పంపుని మళ్లీ ముందుకి సాగేటప్పుడు వేయాలి, ఎందుకంటే ఇప్పుడు తేలేది రెండోది. ఒకటి ఆపి, ఇంకోటి ఆపి, మొదటిది వేయడం మరిచిపోతే సప్లై ట్యాంకుకి ఇంధనం రావడం పూర్తిగా ఆగిపోతుంది, ఇంజిన్లు మాత్రం ఏమీ జరగనట్టే తిరుగుతూ ఉంటాయి.

మెయిన్ ట్యాంకులో ఇంధనం ఉండగానే ఇంజిన్లు ఆగిపోవడం నిజంగా జరిగిందా?

జరిగింది. 2013 నవంబరు 29 రాత్రి, స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పోలీసు పనిమీద ఎగురుతున్న ఈసీ-135 తిరిగి వస్తూ, జనంతో నిండిన క్లూథా అనే బార్ కప్పు మీద కూలింది. హెలికాప్టర్‌లో ఉన్న ముగ్గురూ, బార్‌లో ఏడుగురూ, మొత్తం పదిమంది చనిపోయారు. బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు విభాగం 2015లో ఇచ్చిన నివేదిక చదువుతుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటుంది. మెయిన్ ట్యాంకులో 76 కిలోల ఇంధనం మిగిలే ఉంది. సప్లై ట్యాంకులు దాదాపు ఖాళీ. రెండు ట్రాన్స్‌ఫర్ పంపుల స్విచ్‌లూ ఆఫ్‌లో ఉన్నాయి, గాల్లో అవసరం లేని ప్రైమ్ పంపుల స్విచ్‌లు ఆన్‌లో ఉన్నాయి. తక్కువ ఇంధనం హెచ్చరికలు ఐదుసార్లు వచ్చాయి, ఐదుసార్లూ కాక్‌పిట్‌లో వాటిని గుర్తించినట్టు రికార్డయింది. కుడి ఇంజిన్ ఆగిన 32 సెకన్లకి ఎడమదీ ఆగింది. స్విచ్‌లు ఎందుకలా ఉన్నాయో దర్యాప్తు తేల్చలేకపోయింది.

గేజ్ ఎలా కొలుస్తుంది? ఎంతవరకు నమ్మొచ్చు?

చాలావాటిలో ట్యాంకులో నిలువుగా ఒక గొట్టం లోపల ఇంకో గొట్టం ఉంటుంది, మధ్య ఖాళీలో ఎంత ఇంధనం, ఎంత గాలి ఉందన్నదాన్ని బట్టి కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఛార్జిని పట్టి ఉంచే శక్తి, మారుతుంది, గేజ్ చదివేది దాన్నే. విద్యుత్ లక్షణంలో గాలి 1 అనుకుంటే ఇంధనం సుమారు 2, నీళ్లు సుమారు 80. కాబట్టి ఆ గొట్టం అడుగున కొద్దిపాటి నీళ్లు చేరినా లెక్క తలకిందులై, లేని ఇంధనం ఉన్నట్టు చూపించొచ్చు. అందుకే ఎంత సేపు ఎగిరాం, గంటకి ఎంత తాగుతుంది అని గడియారంతో వేసుకున్న లెక్కని గేజ్ పక్కన పెట్టి చూడాలి. రెండూ సరిపోకపోతే తక్కువ చూపించేదాన్ని నమ్మండి.

ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోతే ఏమవుతుంది?

ఇంధనం తగ్గే కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. పురుగు గూడో, మంచో అడ్డుపడితే లోపల ఒత్తిడి పడిపోతుంది, సంచి ముడుచుకుంటుంది, పంపు ఎంత లాగినా ఇంధనం రాదు. నేల మీద మూత తెరిచినప్పుడు గాలి బుస్సుమని లోపలికి పోతే ఆ గాలి గొట్టాన్ని అనుమానించండి.

## హెచ్చరిక వెలిగాక

లో ఫ్యూయల్ లైటు వెలిగింది, గేజ్ చూస్తే ఇంకా చాలా ఉంది. ఏది నిజం?

లైటునే నిజమనుకోవాలి. అది గేజ్ నుంచి రాదు, వేరే సెన్సర్ నుంచి వస్తుంది. సుమారు 10 నిమిషాల ఇంధనం మిగిలినప్పుడు వెలగాలి, గేజ్ వ్యవస్థతో సంబంధం లేకుండా పనిచేయాలి అని చిన్న హెలికాప్టర్ల డిజైన్ నిబంధనల్లోనే రాసి ఉంది. గేజ్‌లో మొత్తం అంకె నిండుగా కనిపిస్తున్నా, అదంతా మెయిన్ ట్యాంకులో ఇరుక్కుని సప్లై ట్యాంకు ఖాళీ అవుతూ ఉండొచ్చు. ట్రాన్స్‌ఫర్ స్విచ్‌లు చూడండి, సర్క్యూట్ బ్రేకర్లు చూడండి, ఆ చూసేలోపే దిగే చోటు వైపు తిరగండి.

ఒక ట్రాన్స్‌ఫర్ పంపు చెడిపోతే వెంటనే దిగేయాలా?

రెండోది పనిచేస్తున్నంతవరకు ఇంజిన్‌కి ఇబ్బంది ఉండదు. కానీ ఆ ఒక్క పంపు అందుకోలేని మూలలో ఉన్న ఇంధనం మీది కాదు, దాన్ని లెక్కలోంచి తీసేసి ఎంత దూరం వెళ్లగలరో మళ్లీ లెక్కించాలి. అది ఎన్ని కిలోలో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

రిజర్వు ఎంత ఉంచాలి?

పగటి వెలుగులో కంటితో చూస్తూ ఎగిరేటప్పుడు, అంటే వీఎఫ్ఆర్‌లో, అంతర్జాతీయ ప్రమాణం 20 నిమిషాలు. పరికరాల మీద ఎగిరే ఐఎఫ్ఆర్‌లో 30 నిమిషాలు.

## హ్యాంగర్‌లో

పంపు ఒట్టిగా తిరిగితే పాడైపోతుందా?

కొద్ది సేపు తట్టుకుంటుంది, అలవాటుగా జరిగితే తట్టుకోదు. దాన్ని చల్లబరిచేదీ, బేరింగ్‌లకి జారుడునిచ్చేదీ ఇంధనమే. మంచి పంపు ట్యాంకు దగ్గర చెవి ఆనిస్తే నిలకడగా, బరువైన రొదలా వినిపిస్తుంది. ఒట్టిగా తిరిగేటప్పుడు గొంతు పెరిగి సన్నగా కూస్తుంది. రెండు మూడు సార్లు శ్రద్ధగా వింటే ఆ తేడా మళ్లీ మరిచిపోరు.

రెండు పంపులు వేస్తే ట్యాంకు నిండుతోంది, ఒకటి ఆపితే నిండటం లేదు. పంపు బలహీనపడిందా?

పంపు మార్చేముందు నాన్ రిటర్న్ వాల్వ్, అంటే ఇంధనాన్ని ఒకే వైపుకి పోనిచ్చే వాల్వ్, చూడండి. ఒకటి ఆగి ఉన్నప్పుడు, దాని వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే రెండో పంపు తోడిన ఇంధనం ఆగిన పంపులోంచే వెనక్కి మెయిన్ ట్యాంకులోకి పోతుంది. తప్పు ఆగిన పంపు వైపుంటే, నింద తిరిగే పంపు మీద పడుతుంది. రెండిటినీ విడివిడిగా నడిపి, ఒక్కోసారి సప్లై ట్యాంకు నిండటానికి ఎంతసేపు పట్టిందో రాసుకుంటే ఏ వైపో తేలిపోతుంది.

ఫిల్టర్‌లో నల్లటి, గోధుమ రంగు జిగురు కనిపించింది. అదేంటి?

బూజు. జెట్ ఇంధనానికీ అడుగు నీళ్లకీ మధ్య పొరలో పెరిగే శిలీంధ్రాలూ బాక్టీరియా అవి, హార్మోకోనిస్ రెసినే వాటిలో పేరుమోసింది. ఇంధనాన్ని తింటాయి, నీళ్లలో బతుకుతాయి, వాటి నుంచి వచ్చే ఆమ్లాలు అల్యూమినియంని కొరుకుతాయి. ఫిల్టర్ మార్చి ఊరుకుంటే వారం తిరక్కముందే మళ్లీ నిండొచ్చు. ట్యాంకు తెరిచి కడగాలి, అనుమతి ఉన్న మందుని చెప్పిన మోతాదులో వాడాలి, గేజ్ గొట్టాలూ జెట్ పంపు ముక్కులూ విడిగా శుభ్రం చేయాలి. ఆ తర్వాత రోజూ నీళ్లు తీస్తూ ఉంటే దానికి బతికే చోటు దొరకదు.